బావ చీకటిగదికి నేను రాసిన నియమాలు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా అక్క కూతురు చిత్తూరు నుంచి ఫోన్ చేసింది. ఫిలింతో ఫోటోలు తీయడం ఇప్పుడు మళ్ళీ మోజుగా మారిందట. తిరుపతి నుంచీ వేలూరు నుంచీ ఐదారుగురు ఉద్యోగస్థులు ప్రతి ఆదివారం పొద్దున్నే వాళ్ళ ఇంటికి వచ్చి, ఇన్నేళ్ళూ పాత సామాన్ల కొట్టుగా పడి ఉన్న చీకటిగదిలో, వాళ్ళ నాయన దగ్గర ఫోటోలు కడగడం నేర్చుకుంటున్నారట. "చిన్నమ్మా, వాళ్ళల్లో ఒకమ్మాయికి మొన్న చేతుల మీద దద్దుర్లు లేసినాయి. నువ్వు కెమిస్ట్రీ చెప్పినదానివి గదా, ఒక ఆదివారం వచ్చి ఈ ఫోటోల మందులు ఎట్ల వాడాల్నో నాలుగు మాటలు చెప్పు. నాయన కూడా సరే అన్నాడు" అంది. ఆ చివరి మాటను నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. ఏ మాటనైనా ఒక్కసారి విని నమ్మే అలవాటు నాకు లేదు. నిజమేనని తేలాక ఫోన్ పెట్టేసి, కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు సంతోషంగా కూర్చున్నాను. అంతకాలంగా నేను ఎదురుచూస్తున్న అవకాశం అది. మా బావ నోటి నుంచి, నలుగురి ముందు, ఒకే ఒక్క వాక్యం రావాలి: మా అక్క చేతులు చెడింది ఆయన మందుల వల్ల, మా అమ్మ రక్తం వల్ల కాదు. ఆ వాక్యం రాకుండా ఆయన గాని నేను గాని పోకూడదని నేను ఏనాడో అనుకున్నాను.

మా బావకు చిత్తూరు బజారులో ఫోటో స్టూడియో ఉండేది. చీకటిగది మాత్రం ఇంట్లోనే. ఇంటి వెనుక స్నానాల గది కిటికీకి నల్ల అట్ట కొట్టి, తలుపు సందుల్లో పాత దుప్పటి పేలికలు కూరి, వెలుతురు చొరకుండా చేశాడు. వెలుతురు చొరని చోట గాలి కూడా చొరదన్న సంగతి ఆయనకు తట్టలేదో, తట్టినా పట్టించుకోలేదో నేను చెప్పలేను. ఎర్ర బల్బు కింద మూడు ట్రేలు ఉండేవి. మొదటిది డెవలపర్, కాగితం మీద బొమ్మను పైకి తెచ్చే మందు. రెండోది ఆ పనిని ఆపే పుల్లటి నీళ్ళు. మూడోది హైపో, బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టేది. పుల్లటి నీళ్ళకు ఎసిటిక్ ఆమ్లం వాడాలి. అది అయిపోయిన రోజుల్లో మా బావ వంటింట్లోంచి చింతపండు తెప్పించి, పిసికి, పిప్పి తీసి పోసేవాడు. చింతపండులోని పులుపూ ఆమ్లమే కనుక పని కొంతవరకు జరిగేదని నేను ఒప్పుకోవాలి. కాని ఆ పులుసు హైపోలో ఒలికిన రోజున కాసేపటికి అగ్గిపుల్ల గీసినట్టు ఘాటు లేచి, ట్రేలోని నీళ్ళు పాలవిరుగుడులా తెల్లబడేవి. గంధకం విడిపోవడం అది. దానితోపాటు పుట్టే వాయువు గొంతు పట్టేస్తుంది. మా బావ మాత్రం దగ్గుతూనే "మందు బలంగా ఉండాది" అని మెచ్చుకునేవాడు. ఆయనకు ఇటువంటి సిద్ధాంతాలు చాలా ఉండేవి. వాడేసిన హైపో పోస్తే మల్లెచెట్టు విరగబూస్తుందన్నది ఒకటి. నేను ఒక వేసవి సెలవుల్లో రెండు మల్లెచెట్లను ఎంచి, ఒకదానికి హైపో, ఒకదానికి బావి నీళ్ళు పోయించి చూశాను. హైపో తాగిన చెట్టు వానలు రాకముందే మోడుబారింది. ఒక్క చెట్టుతో ఏదీ రుజువు కాదు; కనుక అది మందు వల్లనే పోయిందని నేను ఈనాటికీ అనను. విరగబూయలేదని మాత్రం అంటాను.

ఆ గదిలో ఇద్దరు పనిచేసేవారు. బావ పొడి చేతులతో, బొమ్మను పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ ముందు నిలబడి, కాగితం మీద వెలుతురు పడనిచ్చి, నోటితో అంకెలు లెక్కపెట్టేవాడు. ఆ కాగితాన్ని అందుకుని మూడు ట్రేలలోనూ ముంచి తేల్చేది అక్క. పెళ్ళయిన కొత్తలోనే ఆమెకు ఆ పని అప్పగించారు. పటకారుతో పట్టుకుంటే కాగితం మీద గీత పడుతుందనీ, వేళ్ళతో తిప్పితేనే బొమ్మకు నిగారింపు వస్తుందనీ బావ సిద్ధాంతం. రెండో ఏడు తిరగకముందే అక్క వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. ఆపైన చిన్న చిన్న నీటిపొక్కులు. అవి పగిలి, చర్మం ఎండి, నెర్రెలిచ్చిన మడిలా చీలేది. పప్పులో ఉప్పు వేయడానికి ఆమె గరిటె వాడడం, తల దువ్వుకోవడానికి కూతురి సాయం అడగడం నేను చూశాను. డెవలపర్‌లో మెటాల్ అనే పదార్థం ఉంటుంది. అది అందరినీ ఏమీ చేయదు. కొందరి చర్మం మాత్రం కొన్నాళ్ళకు దాన్ని శత్రువుగా గుర్తుపడుతుంది. ఒకసారి గుర్తుపట్టాక చుక్క తగిలినా ఊరుకోదు.

ఆ ఇంట్లో ఏటా ఎండాకాలం మామిడికాయ ఊరగాయ కలపడం పెద్దకోడలి హక్కు. కాయలు తరిగేవాళ్ళు, కారం కొట్టేవాళ్ళు ఎందరున్నా, నూనె పోసి చివరిసారి కలిపే చెయ్యి ఆమెదే కావాలి. బావ తల్లి ఆ హక్కును అక్క నుంచి తీసేసింది. "ఆ చెయ్యి తగిలితే జాడీ బూజు పడతాది" అంది. అంతటితో ఆగి ఉంటే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదేమో. ఒకసారి మా అమ్మ కార్వేటినగరం నుంచి కూతుర్ని చూడవచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచినప్పుడు, అమ్మ మడమల పగుళ్ళు బావ తల్లి కంటపడ్డాయి. "ఓహో, వేరు యాడుండాదో ఇప్పుడు తెలిసినాది" అంది. వట్టికాళ్ళతో చేలగట్ల మీద తిరిగిన ప్రతి ఆడమనిషికీ ఉండే పగుళ్ళు అవి. కాని మా అమ్మ ఆ మాటను నమ్మింది. ఆ తర్వాత మనవరాలిని ఒళ్ళోకి తీసుకునే ముందు తన రెండు పాదాలకూ పాత పంచె గుడ్డ చుట్టుకునేది. మా బావ అక్కడే కూర్చుని ఉండేవాడు. ఆ గుడ్డ ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. నేను చేస్తున్న ఆరోపణ అదే. దీన్ని నేను నా కళ్ళతో చూసి రాస్తున్నాను.

అప్పట్లో నేను తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. కోపం వచ్చినప్పుడు ఏడవడం కన్నా తేదీలు రాసిపెట్టడం మేలని అప్పటికే నేర్చుకున్నాను. అక్క కాన్పుకు పుట్టింటికి వచ్చి మూడు నెలలు ఉంది, చేతులు మానాయి. తిరిగి వెళ్ళి ట్రేలు ముట్టిన పదో రోజుకు పొక్కులు లేచాయి. రెండేళ్ళ తర్వాత అమ్మకు జబ్బు చేస్తే మళ్ళీ వచ్చి నెలన్నర ఉంది, మళ్ళీ మానాయి. తిరిగి వెళ్ళింది, వారంలో లేచాయి. అక్కదీ నాదీ ఒకే రక్తం కనుక, నా మోచేతి మీద కూడా చుక్క డెవలపర్ గుడ్డలో తడిపి కట్టుకుని రెండు రోజులు చూశాను. నాకేమీ కాలేదు. ఎవరూ అలా చేయకూడదు. ఆనాటి నా పంతం వేరు. ఈ కాగితాలన్నీ పట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని చిత్తూరు వెళ్ళి, వరండాలో బావ ముందు పరిచాను.

"బావా, మందు ముడితే లేస్తా ఉండాయి, ముట్టకుంటే మానతా ఉండాయి. ఇంక సందేహం యాడుండాది?" అన్నాను.

"ఏం మే మరదలా, నాలుగు బుక్కులు సదివి నాకే పాఠం సెప్తాండావా? పుట్టింట్లో పనీపాటా లేదు, మానినాది. అంతే" అన్నాడు బావ. నేను కాగితాలు ఎత్తకుండా అలాగే కూర్చోవడం చూసి, గొంతు పెంచాడు. "అంత అనుమానముంటే పాండి కాణిపాకం. నా మందులో దోషం లేదని ఆడనే ప్రమాణం చేస్తా."

కాణిపాకం చిత్తూరుకు దగ్గరే. అక్కడ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని మా జిల్లాలో చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ నమ్ముతారు. ఆ మాట వినగానే మా అమ్మ లేచి నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుని, "పోదాం పా నాయనా" అంది. నేనే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "ప్రమాణాలు రుజువులు కావు బావా. చర్మం డాక్టరు దగ్గరికి పోదాం, పరీక్ష చేయిద్దాం" అన్నాను. బావ నవ్వి, కాఫీ తాగి, స్టూడియోకు వెళ్ళిపోయాడు. డాక్టరు దగ్గరికి ఎవరూ పోలేదు. ఆ వాదంలో గెలిచింది నేనేనన్న గర్వంతో తిరుపతి బస్సెక్కడం నాకు బాగా గుర్తుంది. అమ్మ మరి నాలుగేళ్ళు బతికింది. ఆమె పోయిన రెండేళ్ళకు రంగుల ల్యాబులు వచ్చి బావ చీకటిగది మూతబడింది. ఆరు వారాల్లో అక్క చేతులు అందరి చేతుల్లా అయ్యాయి, మళ్ళీ ఎన్నడూ చెడలేదు. తన మొక్కు ఫలించిందని బావ తల్లి ఊరంతా చెప్పుకుంది. ఆవిడ ఇప్పుడు లేదు. లేనివాళ్ళతో తేల్చుకోవడం నాకు తెలియదు కనుక, ఆవిడ వంతు కూడా బావ ఖాతాలోనే వేశాను.

అందుకే, అక్క కూతురు ఫోన్ చేశాక, నియమాల పట్టిక రాయడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. దళసరి అట్ట మీద నల్ల సిరాతో, దూరం నుంచి కూడా కనబడేలా ఆరు నియమాలు రాశాను. ప్రతి నియమం చీకటిగదిలో ఎవరైనా పాటించవలసినదే. ప్రతి నియమం మా బావ ఒకనాడు చేసిన పనిలోంచి తీసినదే. ఆయన పేరు ఎక్కడా రాయలేదు. చదువుతుంటే ఎవరికి తగలాలో వారికి తగిలితే చాలు. ఆ అట్టను చుట్ట చుట్టి, రెండు పెట్టెల నైట్రైల్ చేతితొడుగులు, నాలుగు ప్లాస్టిక్ పటకార్లు సంచిలో వేసుకుని, ఆదివారం పొద్దున మొదటి బస్సులో బయలుదేరాను. చంద్రగిరి దాటేవరకు మనసులో నియమాలు వల్లె వేసుకుంటూనే ఉన్నాను.

బావకు డెబ్బై ఆరు. మనిషి వాడిపోయాడు గాని గొంతు తగ్గలేదు. వచ్చినవాళ్ళందరూ ఆయనను 'సార్' అంటున్నారు. ఒకతను వంగి కాళ్ళకు దండం కూడా పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. "రామ్మా మరదలా. మా వోళ్ళను మరీ భయపెట్టాకు, ఆనక ఎవరూ రారు" అన్నాడు బావ. అక్క వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసి నవ్వి, కాఫీ కలపడానికి లోపలికి పోయింది. నేను అట్టను చీకటిగది తలుపుకు అంటించి, చదవడం మొదలుపెట్టాను.

"మొదటిది. వంటింటి గిన్నె, గరిటె, గ్లాసు ఈ గదిలోకి రారాదు. వస్తే మళ్ళీ వంటింటికి పోరాదు."

"అట్ల గూడా ఎవరన్నా చేస్తారా మేడం?" అని గడ్డం ఉన్న ఒక బ్యాంకు ఉద్యోగి నవ్వాడు.

"చేసేవాళ్ళుండారు నాయనా, పాలగిన్నెలో హైపో కలిపేవాళ్ళు" అన్నాను. బావ కిటికీలోంచి వీధిని శ్రద్ధగా చూడసాగాడు.

రెండోది, మందు సీసాల మీద పేరూ తేదీ రాయాలనీ, తాగే సీసాలలో మందు పోయరాదనీ. ఇది చదవగానే బావ తనను తాను మరిచిపోయి, హుషారుగా అందుకున్నాడు. "అవునప్పా, వాడిన డెవలపరు నల్లగా డికాషన్ మాదిరే ఉంటాది. మా నాయన ఒకతూరి కాఫీ అనుకోని ఒక గుక్క లాగించినాడు! మూడు దినాలు మాట్లాడలేదు!" అందరూ నవ్వారు. నేను నవ్వకుండా, "ఆ సీసా యాడ పెట్టినావు బావా?" అన్నాను. "స్టవ్ పక్కన..." అనేసి, తన మాట తననే పట్టిచ్చిందని గ్రహించి, ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాకు కలిగిన తృప్తిని దాచను.

మూడోది గాలి. వెలుతురును ఆపి గాలిని వదిలే మార్గం ఉంది: తలుపు కింద వంపు తిరిగిన గొట్టం, పైన గాలిని బయటికి లాగే ఫ్యాను. నాలుగోది ఆమ్లం. నీళ్ళలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్ళు కాదు. కళ్ళకు అద్దాలు పెట్టుకుని పోయాలి. పులుపు నీళ్ళు చుక్క కూడా హైపోలో ఒలకరాదు, ఒలికి వాసన లేస్తే గది వదిలి బయటికి రావాలి. ఐదోది వాడేసిన హైపో: అందులో వెండి కరిగి ఉంటుంది, మూత ఉన్న డబ్బాలో పట్టి ఉంచి అటువంటి వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇవ్వాలి, కాలువలోకీ వద్దు, మల్లెచెట్టుకూ వద్దు. ఆరోది చేతులు. "ట్రేలో వట్టి చెయ్యి పెట్టరాదు. పటకారు వాడాలి, తొడుగు వేసుకోవాలి. చిరిగిన తొడుగు వెంటనే పారేయాలి, లోపలికి పోయిన మందు అక్కడే నిలిచి చర్మాన్ని తింటుంది. దురద మొదలైతే దాచుకోరాదు."

దద్దుర్లు లేచిన అమ్మాయి తన చేతులను దుపట్టా కిందికి తీసుకుంది. బావ అది చూడలేదు.

"ఇది మాత్రం నేనొప్పుకోను" అన్నాడు. "తొడుగేస్తే కాయితం వేళ్ళకు తెలీదు. అన్నేండ్లు వట్టి చేతుల్తోనే చేసినాం. ఏమైనాది మాకు?"

"చేసినామంటే ఎవరు బావా? ట్రేలో చెయ్యి పెట్టింది నువ్వా?"

బావ మొహం ఎర్రబడింది. చొక్కా చేతులు మోచేతి దాకా మడుచుకుని, అప్పుడే కలిపి పెట్టిన డెవలపర్ ట్రే దగ్గరికి నడిచాడు. "అయితే ఇప్పుడు పెడతాను, సూడండి. ఏమైతాదో అందరూ సూడండి" అని చెయ్యి చాచాడు. ఒక్కసారి ముంచితే ఏమీ కాదని నాకు తెలుసు. అది ఏ విషయాన్నీ రుజువు చేయదనీ తెలుసు. జాగ్రత్తలు చెప్పడానికి వచ్చినదాన్ని, ఆపవలసినదాన్ని. ఆపలేదు. ఆ చెయ్యి దిగాలని, వేళ్ళ సందుల్లో దురద మొదలవాలని, ఊరగాయ అన్నం కలుపుకోలేని రోజు ఆయనకు ఒక్కటైనా రావాలని, మనసారా కోరుకుంటూ చూస్తూ నిలబడ్డాను.

అక్క కాఫీ పళ్ళెం కింద పెట్టి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. "సాల్లేయ్యా. ఆ పిల్ల చేతులు సూడు ముందు" అంది. తర్వాత నా సంచిలోంచి ఒక జత తొడుగులు తీసి ఆయనకిచ్చింది. "ఏస్కో."

ఆయన ఆ అమ్మాయి చేతులు చూశాడు. తన మణికట్టు చుట్టూ ఉన్న వేళ్ళను చూశాడు. తొడుగు వేసుకోవడం చేతకాక రెండు వేళ్ళు ఒకే వేలి అరలో దూర్చితే, అక్కే లాగి సరిచేసింది. "ఇదే మాదిరి ఈమెకూ లేసినాయి," అన్నాడు బావ, ఎవరి మొహమూ చూడకుండా. "పన్నెండేండ్లు. వాళ్ళమ్మ రోగమని మా అమ్మ అనె. నేను ఊరకుండినాను. రోగం కాదు. నా మందే."

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాను.

"రెండోతూరి పుట్టింటికి పోయొచ్చినప్పుడే. నువ్వు కాయితాలు తేకముందే."

"మరి కాణిపాకం పోదామన్నావే!"

"నువ్వొద్దంటావని తెలిసే అన్నాను మే. నువ్వు నమ్మవు గదా దేవుణ్ణి. మీయమ్మ లేసి నిలబడే సరికి నాకు చెమటలు పట్టినాయి. ఆడ నిలబడి అబద్ధమాడే ధైర్యం నాకు యాడిది? నువ్వు ఆపకుంటే ఆ వరండాలోనే ఒప్పేసుకుందును."

"ఇప్పుడు నాకు సెప్పి ఏం లాభమయ్యా," అంది అక్క, మెల్లగానే. "కాళ్ళకు గుడ్డ సుట్టుకోని కూసునే మనిషికి సెప్పాల్సింది."

నేను ఆయనను క్షమించానని ఎవరూ అనుకోవద్దు. ఆ తొడుగుల చేతికే పెన్ను ఇచ్చి, అట్ట మీద ఏడోదిగా రాయించాను: "ఈ గదిలో నా భార్య చేతులు నా మందుల వల్ల చెడ్డాయి. అది ఏ ఇంటి రోగమూ కాదు." కింద సంతకం పెట్టించాను. వచ్చే ప్రతి మనిషీ తలుపు తీసేముందు దాన్ని చదవాలి. ఆ అమ్మాయికి చర్మం డాక్టరును చూడమని, అంతవరకు ట్రేల జోలికి పోవద్దని, ఆ తర్వాత కూడా మెటాల్ లేని డెవలపరే కొనమని చెప్పి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను. పగ తీరితే మనసు చల్లబడుతుందంటారు. సరిచూశాను, నా విషయంలో అది నిజం కాలేదు. సగం కోపం బావ మీదే ఉంది. మిగతా సగం, లేచి నిలబడిన అమ్మను చెయ్యి పట్టి కూర్చోబెట్టిన ఆ ఎమ్మెస్సీ పిల్ల మీదికి మళ్ళింది. ఆనాడు అమ్మతో కాణిపాకం బయలుదేరి ఉంటే బావ నిజంగా ఒప్పుకునేవాడా? అది ఆయన మాట మాత్రమే. దానికి సాక్ష్యం లేదు, పరీక్షించే దారీ లేదు. అనుమానం ఉంటే ప్రయోగాన్ని మొదటి నుంచి మళ్ళీ చేయమని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. కాలంతో మాత్రం ఏదైనా ఒక్కసారే చేయగలమని చెప్పడం ఏ పాఠంలోనూ గుర్తురాలేదు.